ఆఫీస్ నెట్ స్లోగా ఉందని ప్లాన్ పెంచేముందు ఇది పెట్టి చూడండి: ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎస్‌క్యూఎం రివ్యూ

ముందే చెప్పేస్తా, ఇది కొత్త రౌటర్ రివ్యూ కాదు. రౌటర్లకి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అని ఫ్రీగా దొరికే ఫర్మ్‌వేర్ (రౌటర్‌ని లోపల నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది కదా, దాంట్లో ఎస్‌క్యూఎం అనే ప్యాకేజీ గురించి. పూర్తి పేరు స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్. పెద్ద కంపెనీల ఐటీ టీమ్‌లకి ఈ రివ్యూ అక్కర్లేదు, పదీ పదిహేను మంది ఉండే ఆఫీస్‌లో తన పని తను చేసుకుంటూనే "నీకు ఇవి తెలుసు కదా, కాస్త నెట్ సంగతి చూడు" అన్న మాట ఎవరి నెత్తిన పడుతుందో వాళ్ళ కోసం రాస్తున్నా. మా ఆఫీస్‌లో ఆ మనిషిని నేనే.

మా సెటప్ మామూలుదే. డౌన్‌లోడ్ వంద ఎంబీపీఎస్, అప్‌లోడ్ ఇరవై ఉన్న లైన్, ప్రొవైడర్ ఇచ్చిన మోడెమ్, ఒక రౌటర్, ఒక గిగాబిట్ స్విచ్, కొందరు కేబుల్ మీద, మిగతావాళ్ళు వైఫై మీద. కంప్లైంట్ కూడా అన్ని చోట్లా వినేదే: వీడియో కాల్‌లో మాట తెగిపోతుంది, పేజీ ఓపెన్ అవ్వకుండా తిరుగుతూ ఉంటుంది, రెండు నిమిషాలకి దానంతటదే సర్దుకుంటుంది. స్పీడ్ టెస్ట్ పెడితే తొంభై ఐదు చూపిస్తుంది. ప్రొవైడర్‌కి ఫోన్ చేస్తే వాళ్ళూ అదే స్పీడ్ టెస్ట్ చేయించి లైన్ బానే ఉంది సర్, కావాలంటే పై ప్లాన్‌కి మారండి అంటారు. అక్కడే చాలామంది మారిపోతారు. కొన్నాళ్ళు బానే ఉన్నట్టు అనిపిస్తుంది, ఆ తర్వాత మళ్ళీ అదే గొడవ.

ఎందుకంటే చాలాసార్లు తక్కువైంది స్పీడ్ కాదు. ప్యాకెట్లు, అంటే డేటా వెళ్ళే చిన్న చిన్న ముక్కలు, క్యూలో ఇరుక్కుపోతున్నాయి. మోడెమ్‌లో బఫర్ అని కొంత మెమరీ ఉంటుంది, పంపాల్సిన డేటా లైన్ కన్నా వేగంగా వస్తే అందులో ఆగుతుంది. ఆ బఫర్ చిన్నదైతే ఫర్వాలేదు, కానీ ప్యాకెట్ పోకూడదనే ఉద్దేశంతో దాన్ని అవసరానికి మించి పెద్దగా పెట్టేస్తారు. లెక్క వేసి చూడండి: ఒక మెగాబైట్ బఫర్ నిండిందంటే, ఇరవై ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద అది ఖాళీ అవ్వడానికే నాలుగు వందల మిల్లీసెకన్లు పడుతుంది. అప్‌లోడ్ ఐదే అయితే సెకనున్నర పైనే. ఆ టైమంతా మీ కాల్‌లో మాట ప్యాకెట్లు ఎవరో పంపుతున్న ఫైల్ వెనకాల నిలబడి ఉంటాయి. వాయిస్ కాల్‌కి ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలని ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) జీ.114 సిఫార్సు చెబుతుంది, అంటే ఈ బఫర్ ఒక్కటే ఆ లిమిట్‌ని రెండున్నర రెట్లు దాటేసింది. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు, 2010 ప్రాంతంలో జిమ్ గెట్టిస్ అనే ఇంజినీర్ తన ఇంట్లో లైన్ మీద ఇదే చూసి పట్టుకుని అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

ఇంకో విషయం, ఇది చాలామందికి తెలీదు. అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ కూడా పడిపోతుంది. డౌన్‌లోడ్ అయ్యే డేటాకి మీ కంప్యూటర్ ఎప్పటికప్పుడు "అందింది" అని చిన్న చిన్న జవాబులు పంపుతూ ఉండాలి, వాటినే ఆక్‌లు అంటారు. వంద ఎంబీపీఎస్ ఫుల్‌గా డౌన్‌లోడ్ చేయాలంటే సుమారుగా రెండు ఎంబీపీఎస్ దాకా అప్‌లోడ్ ఈ ఆక్‌లకే కావాలి. అవి క్యూలో ఇరుక్కుంటే అవతల సర్వర్ స్పీడ్ తగ్గించేస్తుంది. అందుకే ఎవరిదో ల్యాప్‌టాప్‌లో క్లౌడ్ సింక్ మొదలవ్వగానే ఆఫీస్ మొత్తానికి నెట్ ఆగినట్టు అవుతుంది, స్పీడ్ టెస్ట్ పెట్టేలోపు ఆ సింక్ అయిపోతుంది కాబట్టి ఏ టెస్ట్‌లోనూ దొరకదు. సింక్ యాప్ సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ లిమిట్ పెట్టుకోవచ్చు నిజమే, కానీ అది ప్రతి మెషీన్‌లో విడిగా పెట్టాలి, కొత్త మనిషి కొత్త ల్యాప్‌టాప్ తెచ్చిన రోజు మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎస్‌క్యూఎం పెట్టేముందు మీ రోగం అదేనా కాదా చూసుకోండి. ఇది అన్నిటికీ మందు కాదు, వేరే కారణం ఉంటే ఇది పెట్టి ఏం లాభం లేదు, "ఇది కూడా పనికిరాలేదు" అని తీసి పారేస్తారు.

చూసుకునే పద్ధతి సులువే. కేబుల్ మీద ఉన్న ఒక కంప్యూటర్ నుంచి రెండు విండోల్లో పింగ్ (ఒక చిన్న ప్యాకెట్ వెళ్ళి తిరిగి రావడానికి ఎంత టైమ్ పట్టిందో చూపించే కమాండ్) పెట్టండి, ఒకటి మీ రౌటర్ అడ్రస్‌కి (192.168.1.1 లాంటిది), రెండోది బయట దేనికైనా, 1.1.1.1 కానీ 8.8.8.8 కానీ. ఎవరూ ఏం చేయనప్పుడు ఒకసారి చూడండి, తర్వాత ఒక పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టి చూడండి, ఆ తర్వాత డౌన్‌లోడ్ పెట్టి చూడండి. రౌటర్‌కి పింగ్ ఒక మిల్లీసెకన్ దగ్గరే కదలకుండా ఉండి, బయటికి వెళ్ళేది మాత్రం ఇరవై నుంచి నాలుగైదు వందలకి ఎగబాకిందంటే అది బఫర్‌బ్లోటే, ఎస్‌క్యూఎం మీ కోసమే. రౌటర్‌కి పింగే ఎగిరెగిరి పడుతుంటే గొడవ ఆఫీస్ లోపల ఉంది, ప్రొవైడర్‌ని అనడం దండగ. రౌటర్‌కి పింగ్ బాగుండి, బయటిది మాత్రం ఏ లోడ్ లేకుండానే టైమ్ అవుట్ అవుతుంటే లైనో మోడెమో చూడాలి. పింగ్‌తో కుస్తీ ఇష్టం లేనివాళ్ళకి వేవ్‌ఫార్మ్ వాళ్ళ బఫర్‌బ్లోట్ టెస్ట్ ఉంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తుంది. ఫాస్ట్ డాట్ కామ్‌లో కూడా మోర్ ఇన్ఫో నొక్కితే అన్‌లోడెడ్, లోడెడ్ అని రెండు లేటెన్సీలు (ఆలస్యాలు) కనిపిస్తాయి. మ్యాక్ ఉన్నవాళ్ళకి అసలు ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, మాంటెరే వెర్షన్ నుంచి టెర్మినల్‌లో నెట్‌వర్క్‌క్వాలిటీ అనే కమాండ్ ఉంది.

లోపలి గొడవలు అయితే నాకు ఎక్కువగా కనపడేవి ఇవి. ఒకటి కేబుల్. గిగాబిట్ నడవాలంటే కేబుల్‌లో నాలుగు జతల తీగలూ బాగుండాలి, ఒక జత దెబ్బతిన్నా చాలాసార్లు లింక్ తెగిపోదు, చప్పుడు లేకుండా వంద ఎంబీపీఎస్‌కి దిగిపోతుంది, ఎందుకంటే వందకి రెండు జతలు చాలు. అందుకే దీన్ని ఎవరూ పట్టుకోరు, లైట్ వెలుగుతూనే ఉంటుంది కదా. ఐపర్ఫ్3 అని చిన్న టూల్ ఉంది, ఆఫీస్‌లోనే రెండు కంప్యూటర్ల మధ్య నడిపితే గిగాబిట్ లింక్ మీద 940 దగ్గర రావాలి, 94 వచ్చిందంటే కేబుల్ మార్చేయండి, ఇంక ఆలోచించక్కర్లేదు. ఇంటర్నెట్ లైనే వంద అయినప్పుడు ఇది స్పీడ్ టెస్ట్‌లో అస్సలు బయటపడదు, ఆఫీస్ సర్వర్ నుంచి ఫైల్ కాపీ చేసేటప్పుడే బాధపెడుతుంది, అందుకే విడిగా చూడాలంటున్నా.

రెండోది వైఫై. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 ఛానెళ్ళు మాత్రమే, చుట్టూ ఆఫీసులన్నీ వాటి మీదే ఉంటాయి. దూరంగా కూర్చున్న ఒక్క ల్యాప్‌టాప్ తక్కువ స్పీడ్‌లో నత్తనడకన మాట్లాడుతుంటే దగ్గరున్న వాళ్ళకీ టైమ్ దొరకదు, ఎందుకంటే గాల్లో ఒకసారి ఒకరే మాట్లాడాలి. కదలని డెస్క్‌టాప్‌లన్నిటినీ కేబుల్ మీదకి తెచ్చేసి, మిగతావి 5 గిగాహెర్ట్జ్‌కి మార్చితే సగం కంప్లైంట్లు పోతాయి. మూడోది లూప్, ఎవరో డెస్క్ కింద వేలాడుతున్న కేబుల్ చూసి ఖాళీ పోర్ట్‌లో పెట్టేస్తారు, దాని రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంటుంది, మామూలు స్విచ్ అయితే మొత్తం నెట్‌వర్క్ కూలబడుతుంది. స్విచ్ మీద లైట్లన్నీ ఒకేసారి పిచ్చెక్కినట్టు మెరుస్తుంటే ముందు ఇదే చూడండి. ఇక డీఎన్ఎస్, అంటే సైట్ పేరుని నంబర్ అడ్రస్‌గా మార్చేది, పేజీ మొదలవ్వడానికి టైమ్ పట్టి మొదలయ్యాక టకటకా వచ్చేస్తుంటే డీఎన్ఎస్ సర్వర్ మార్చి చూడండి, అంతే.

ఇవన్నీ అయ్యాక కూడా లోడ్ పడినప్పుడే పింగ్ ఎగురుతోందా, అప్పుడు ఎస్‌క్యూఎం.

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ 2004లో మొదలైంది, లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ రౌటర్ సోర్స్ కోడ్ బయటికి రావడంతో పుట్టింది, పేరులో ఆ అక్షరాలు అక్కడివే. మీ రౌటర్‌కి సపోర్ట్ ఉందో లేదో వాళ్ళ సైట్‌లో టేబుల్ ఆఫ్ హార్డ్‌వేర్ అని లిస్ట్ ఉంది, మోడల్ పేరే కాదు, వెనకాల స్టిక్కర్ మీద వెర్షన్ నంబర్ కూడా కలవాలి, వీ1కి వీ2కి లోపల చిప్పే వేరే ఉండొచ్చు. బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉన్నవాటి జోలికి పోకండి, వైఫై సపోర్ట్ అంతంతమాత్రం. మీడియాటెక్ ఫిలాజిక్ చిప్‌లు ఉన్నవి చక్కగా నడుస్తాయి. కొత్తగా కొనే ఉద్దేశం ఉంటే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వన్ అని 2024లో ఆ ప్రాజెక్ట్ వాళ్ళే బనానా పై కంపెనీతో చేయించిన రౌటర్ ఉంది, ఒక 2.5 గిగాబిట్ పోర్ట్, ఒక గిగాబిట్ పోర్ట్, ఫర్మ్‌వేర్ పాడైనా తిరిగి లేపడానికి ఒక స్విచ్ ఉంటుంది. ల్యాన్ పోర్ట్ ఒకటే కాబట్టి పక్కన స్విచ్ తప్పనిసరి, చిన్న ఆఫీస్‌లో ఎలాగూ ఉంటుంది.

ఫర్మ్‌వేర్ ఎక్కించాక ల్యూసీ అనే వెబ్ పేజీలో సాఫ్ట్‌వేర్ సెక్షన్‌లోకి వెళ్ళి ల్యూసీ-యాప్-ఎస్‌క్యూఎం ఇన్‌స్టాల్ చేస్తే మెనూలో ఎస్‌క్యూఎం క్యూఓఎస్ అని వస్తుంది. పెట్టాల్సినవి నాలుగే. ఇంటర్‌ఫేస్ అంటే బయటికెళ్ళే వ్యాన్ పోర్ట్. డౌన్‌లోడ్, అప్‌లోడ్ స్పీడ్‌లు కిలోబిట్లలో, ఇక్కడ ప్లాన్ కాగితం మీద ఉన్న నంబర్ వేయకండి, రద్దీ టైమ్‌లో కేబుల్ మీద కొలిస్తే ఎంత వచ్చిందో దాంట్లో 85 నుంచి 95 శాతం వేయండి. క్యూ డిసిప్లిన్ (క్యూని నడిపే పద్ధతి) కేక్, స్క్రిప్ట్ పీస్ ఆఫ్ కేక్. లింక్ లేయర్‌లో ఓవర్‌హెడ్ (ప్రతి ప్యాకెట్‌కీ లైన్ మీద అదనంగా చేరే బైట్లు), సరిగ్గా తెలీకపోతే ఈథర్నెట్ పెట్టి 44 ఇవ్వండి, కొంచెం ఎక్కువైనా నష్టం లేదు, తక్కువైతేనే క్యూ మళ్ళీ మోడెమ్‌లోకి పోతుంది.

ఆ స్పీడ్ ఎందుకు తగ్గించాలి, డబ్బు కట్టిన స్పీడ్ మనమే వదులుకోవడమేంటి అని మా వాళ్ళూ అడిగారు. మోడెమ్‌లో ఉన్న బఫర్ మన మాట వినదు. మన రౌటర్ లైన్ కన్నా కొంచెం తక్కువ వేగంతో పంపితే మోడెమ్‌లో క్యూ అసలు తయారవ్వదు, క్యూ ఏదైనా ఉంటే అది మన రౌటర్‌లోనే ఉంటుంది, అక్కడ దాన్ని నడిపేది కేక్. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో ఎఫ్‌క్యూ-కోడెల్ అని కేక్ లాంటిదే ఇంకో క్యూ పద్ధతి ఎప్పట్నుంచో డిఫాల్ట్‌గానే ఉంది, అయినా ఎస్‌క్యూఎం పెట్టకపోతే ఫలితం కనపడకపోవడానికి కారణం కూడా ఇదే, క్యూ వేరేచోట ఉంటే ఇక్కడ ఎంత తెలివైన పద్ధతి ఉన్నా దానికి పని దొరకదు.

కేక్ ఏం చేస్తుందంటే, కౌంటర్ దగ్గర వంద ఫారాలు పట్టుకున్న మనిషి వెనకాల ఒక్క ఫారం ఉన్న మనిషిని గంటసేపు నిలబెట్టకుండా ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో ఫారం తీసుకుంటూ పోవడం లాంటిది. కాల్ ప్యాకెట్లు, డీఎన్ఎస్ ప్రశ్నలు, ఆక్‌లు చిన్నవి, ముందే వెళ్ళిపోతాయి, పెద్ద ఫైల్ కూడా ఆగదు, తన వాటా తనకొస్తుంది. పైగా క్యూలో ఏ ప్యాకెట్ అయినా ఎంతసేపు కూర్చుందో చూస్తుంది, ఐదు మిల్లీసెకన్లకి మించిన ఆలస్యం ఒక వంద మిల్లీసెకన్ల పాటు తగ్గకుండా ఉంటే అప్పుడు కొన్ని ప్యాకెట్లు పంపకుండా పారేయడం మొదలుపెడుతుంది, దాంతో పంపేవాడికి నెమ్మదించమని అర్థమవుతుంది. కోడెల్ అనే ఈ ఐడియా 2012లో కాథ్లీన్ నికోల్స్, వ్యాన్ జాకబ్సన్ ఇచ్చింది, కేక్ 2018లో లినక్స్ కెర్నల్ 4.19తో అందరికీ వచ్చింది. దీని వెనకాల ఏళ్ళ తరబడి పడి ఉన్న డేవ్ టాట్ 2025లో చనిపోయారు, ఆయన, ఆయనతో ఉన్నవాళ్ళు చేసిన పని ఇవాళ మా ఆఫీస్‌లో ప్రతి కాల్‌లోనూ పనికొస్తోంది, ఆ కృతజ్ఞతతోనే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మా దగ్గర తేడా ఏంటంటే, అప్‌లోడ్ నిండినప్పుడు ఐదు వందలు దాటే పింగ్ ఇప్పుడు ముప్పై దగ్గరే ఉంటోంది. స్పీడ్ టెస్ట్‌లో తొంభై ఐదు కాస్తా ఎనభై ఎనిమిదికి దిగింది, ఆ తగ్గుదల రోజువారీ పనిలో ఎవరికీ తెలీలేదు. బ్యాకప్ నడుస్తుంటే ఆపమని కేకలు వేయడం పోయింది, క్లయింట్‌తో కాల్ ఉందంటే మిగతావాళ్ళు సింక్ ఆపుకోవడం పోయింది. పై ప్లాన్ మాట కూడా పోయింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో ఉంది, డిఫాల్ట్‌గా రాదు, అందుకే చాలామంది మిస్ అవుతారు. అక్కడ ఇన్‌గ్రెస్ (లోపలికి వచ్చే) వైపు నాట్, డ్యూయల్-డీఎస్‌టీహోస్ట్ అని, ఈగ్రెస్ (బయటికెళ్ళే) వైపు నాట్, డ్యూయల్-ఎస్‌ఆర్‌సీహోస్ట్ అని వేస్తే వాటాలు కనెక్షన్ల లెక్కన కాకుండా ముందు కంప్యూటర్ల లెక్కన పడతాయి. ఒకరి అప్‌డేట్ ప్రోగ్రామ్ యాభై కనెక్షన్లు తెరిచినా, పక్కవాళ్ళు ఒకే ఒక్క పేజీ తెరిచినా ఇద్దరికీ సమాన హక్కు. లైన్ ఖాళీగా ఉంటే ఒక్కళ్ళే మొత్తం వాడుకోవచ్చు కూడా, ఒక్కొక్కరికి ఇంత అని గీత గీసి పెట్టే పాత పద్ధతుల్లో ఇది కుదరదు. ఆఫీస్‌లో ఎవరు ఎక్కువ వాడుతున్నారు అనే అనుమానాలు, ఆ గొణుగుళ్ళు దీనితోనే ఆగాయి.

ఇక ఇబ్బందులు. కేక్‌కి ప్రాసెసర్ కావాలి, ప్రతి ప్యాకెట్‌నీ సీపీయూనే చూడాలి కాబట్టి. పాత సింగిల్ కోర్ ఎంఐపీఎస్ రకం ప్రాసెసర్ ఉన్న రౌటర్ వంద ఎంబీపీఎస్ లైన్‌కి సరిపోవచ్చు, ఐదు వందల లైన్‌కి అది చేతులెత్తేస్తుంది, అప్పుడు ఎస్‌క్యూఎం ఆన్ చేయగానే స్పీడ్ సగానికి పడిపోయి తప్పు సాఫ్ట్‌వేర్‌ది అనిపిస్తుంది. ఫైర్‌వాల్ పేజీలో హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు సీపీయూకి కనపడకుండా పక్కదారిన పోతాయి, ఎస్‌క్యూఎం ఉన్నా లేనట్టే, ఖచ్చితంగా ఆఫ్ చేయాలి. ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ చేసినప్పుడు సెట్టింగ్స్ ఉంటాయి కానీ విడిగా ఎక్కించిన ప్యాకేజీ పోతుంది, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలి, లేదా అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్ వాడితే ప్యాకేజీలతో కలిపి ఇమేజ్ తయారుచేసి ఇస్తుంది, నేను అదే వాడమంటాను.

4జీ, 5జీ సిమ్ మీద నడిచే ఆఫీసులకి ఇది ఉన్నపళంగా సరిపోదు, లైన్ స్పీడ్ గంటగంటకీ మారుతుంటే ఒక నంబర్ పెట్టి కూర్చోవడం కుదరదు. దానికి కేక్-ఆటోరేట్ అని స్క్రిప్ట్ ఉంది, పింగ్ చూసుకుంటూ స్పీడ్ తనే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, సెటప్‌కి కమాండ్ లైన్ అలవాటు ఉండాలి. గిగాబిట్ ఫైబర్ రెండు వైపులా ఉండి ఐదారుగురే ఉన్న ఆఫీస్‌కి కూడా దీనివల్ల పెద్ద తేడా రాదు, అంత లైన్ నిండడమే అరుదు. అలాగే అవతల కంపెనీ సర్వర్ స్లోగా ఉన్నా, వీపీఎన్ అవతల హెడ్ ఆఫీస్ లైన్ నిండినా మన రౌటర్ ఏం చేయలేదు.

ప్రొవైడర్ మోడెమ్‌లోనే రౌటర్ కూడా కలిసి ఉంటే దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (మోడెమ్ పని మాత్రమే చేసేలా) పెట్టించుకోండి, పెట్టనంటే డబుల్ నాట్ అవుతుంది, అంటే రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి అడ్రస్‌లు మారుస్తాయి, ఎస్‌క్యూఎం వరకు అయితే అలా ఉన్నా పనిచేస్తుంది, కానీ అందరూ ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ రౌటర్ వెనకాలే ఉండాలి. ఒక్క ప్రింటరో ల్యాప్‌టాపో ప్రొవైడర్ వైఫైకి కలిసి ఉన్నా దాని ట్రాఫిక్ కేక్‌కి కనపడదు, లెక్క అంతా తప్పుతుంది, కాబట్టి ఆ బాక్స్‌లో వైఫై ఆపేయండి.

రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే ఫర్మ్‌వేర్ మార్చడం అందరూ ధైర్యంగా చేసే పని కాదు, ఆప్షన్ల పేర్లు కూడా తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళ కోసం పెట్టుకున్నట్టున్నాయి. ఆఫీస్ నడుస్తున్న రౌటర్ మీద నేరుగా ప్రయోగం చేయకండి, విడిగా ఇంకో రౌటర్ మీద అంతా సెట్ చేసుకుని సెలవు రోజు మార్చండి, పాతది అల్మారాలో ఉంచుకోండి. ప్రొవైడర్ ప్లాన్ మార్చినా లైన్ మార్చినా ఎస్‌క్యూఎంలో ఆ రెండు నంబర్లు కూడా మార్చాలి, ఈ సంగతి ఒక కాగితం మీద రాసి రౌటర్‌కే అంటించండి, మీ తర్వాత ఆ సీట్లోకి వచ్చేవాళ్ళకి వంద దగ్గర ఆగిపోయిన లైన్ చూసి తల బద్దలుకొట్టుకునే పని ఉండదు.